మొద్దు అన్నదెవరు? బడి కొలతలూ దళిత పిల్లలూ

చెట్టు నరికాక నేలలో మిగిలేదాన్ని మొద్దు అంటాం. అది చిగురించదని, దానితో ఇక పని లేదని ఆ మాటకి అర్థం. ఈ మాట అడవిలోంచి బడిలోకి ఎప్పుడొచ్చిందో గానీ, వచ్చాక ఎవరి నెత్తిన కూర్చుందో మనకి బాగా తెలుసు. అగ్రవర్ణ ఇంటి పిల్లాడికి లెక్క రాకపోతే 'ఏకాగ్రత లేదు' అంటారు. మాలపేట పిల్లాడికి అదే లెక్క రాకపోతే 'వీడికి చదువెక్కడొస్తుంది' అంటారు. మొదటి మాటలో లోపానికి కారణం వెతికే ప్రయత్నమైనా వుంది. రెండో మాటలో కారణం పుట్టుకలోనే దొరికిపోయింది, ఇక వెతకనక్కర్లేదు.

చోడవరం చుట్టుపక్కల ఏ ఎస్సీ కాలనీలోనైనా వుండగల ఒక పిల్లని ఊహించుకుందాం. మూడో తరగతి. అమ్మా నాన్నా చెరుకు నరికే రోజుల్లో చీకటితోనే పనికి పోతారు. పిల్ల బడికొస్తుంది, వెనక కూర్చుంటుంది. పలక మీద గుండ్రంగా రాస్తుంది గానీ పుస్తకం ఇస్తే చదవలేదు. పిలిస్తే ఒక్కోసారి పలకదు. ఈ పిల్లకి ఏమై వుండొచ్చు? చెవిలో చీము కారి వినికిడి తగ్గి వుండొచ్చు. బోర్డు కనపడకపోవచ్చు. అక్షరాన్నీ ధ్వనినీ కలపడంలో ఇబ్బంది పెట్టే నిర్దిష్ట అభ్యసన వైకల్యం వుండొచ్చు. లేదూ, ఆ పిల్లకి ఏ లోపమూ లేకపోవచ్చు, మూడేళ్లుగా ఎవరూ సరిగ్గా చదువు చెప్పకపోయి వుండొచ్చు. ఈ నాలుగింటికీ బడి ఇచ్చే జవాబు ఒక్కటే: మొద్దు.

ఈ వ్యాసంలో మేం అడుగుతున్నది ఇదే. పిల్లల్ని కొలిచే అధికారం ఎవరి చేతుల్లో వుంటూ వచ్చింది? ఆ కొలత దళిత పిల్లలకి ఎప్పుడు ముద్ర అయింది, ఎప్పుడు అందకుండా పోయింది? ఇవి రెండు వేర్వేరు అన్యాయాలు. మన ఉద్యమాలు మొదటిదాన్ని గుర్తించినంతగా రెండోదాన్ని గుర్తించలేదని మా అభిప్రాయం.

గోనెపట్టా నుంచి వెనక బెంచీ దాకా

1856లో ధార్వాడ ప్రభుత్వ పాఠశాలలో చేరడానికి వెళ్లిన ఒక మహర్ పిల్లవాణ్ని రానివ్వలేదు. బొంబాయి ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నాడు. అతని హక్కుని కాదనలేమంటూనే, అతన్ని చేర్చుకుంటే మిగతావాళ్లంతా బడి మానేస్తారని ప్రభుత్వం వెనక్కి తగ్గింది. అంబేడ్కర్ తన రచనల్లో ఈ సంగతిని ప్రత్యేకంగా ఎత్తి చూపారు. 1882లో వేసిన హంటర్ కమిషన్ కూడా కులం కారణంగా ఎవరికీ ప్రవేశం నిరాకరించకూడదని ఒక చేత్తో రాసి, దాన్ని జాగ్రత్తగా అమలు చెయ్యాలని రెండో చేత్తో రాసింది. విడి బడులు పెట్టుకోమని సలహా ఇచ్చింది.

మన విశాఖపట్నం జిల్లా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో వుంది. చెంగల్పట్టు కలెక్టరు ట్రెమెన్‌హీర్ పరయల స్థితి మీద నివేదిక రాశాక, 1893లో మద్రాసు ప్రభుత్వం పంచముల చదువు కోసం ఉత్తర్వు తెచ్చింది. 1919-20లో లేబర్ కమిషనర్ పదవి వచ్చాక, ఆ శాఖ కింద అణగారిన కులాల పిల్లలకి విడిగా బడులు నడిచాయి. వీటివల్ల మన తాతముత్తాతల్లో కొందరికి అక్షరం దక్కింది, దాన్ని మేం కాదనడం లేదు. అయితే విడి బడి అంటే ఊరి బడి మారనక్కర్లేదన్న అర్థం కూడా అందులో వుంది. ఊరి బడి తన అయ్యవారినీ, తన అలవాటునీ, తన కొలతనీ అలాగే వుంచుకుంది.

ఆ కొలత ఎలాంటిదో చూడాలి. 19వ శతాబ్ది రెండో సగంలో మద్రాసు ప్రెసిడెన్సీలో ఫలితాల గ్రాంటు పద్ధతి నడిచింది. ఇన్‌స్పెక్టరు వచ్చి పిల్లల్ని పరీక్షిస్తాడు, పాసైన పిల్లల లెక్కని బట్టి బడికి డబ్బు వస్తుంది. అంటే వెనకబడిన పిల్ల మేస్టారి పొట్ట మీద బరువన్నమాట. అలాంటి పిల్లకి ఎక్కువసేపు చెప్పడానికి ఆ పద్ధతిలో ఎవరికీ లాభం లేదు. పరీక్ష రోజున ఆ పిల్ల బడిలో లేకపోవడమే లాభం. ఈ పద్ధతి పోయి వందేళ్లు దాటింది. దాని బుద్ధి మాత్రం పోలేదు. పదో తరగతి ఫలితాల శాతం కోసం 'వీడు పాసవ్వడు' అని ముందే పక్కన పెట్టే అలవాటు మనకి కొత్తదేం కాదు.

తర్వాత మాట వెనక బెంచీ గురించి. సతారా బడిలో అంబేడ్కర్ ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద విడిగా కూర్చున్న సంగతి మనందరికీ తెలుసు. దాన్ని అవమానంగా మాత్రమే చదువుతూ వచ్చాం. దానికి ఇంకో పార్శ్వం వుంది. వినికిడి తక్కువైన పిల్ల మేస్టారి నోరు కనపడేంత దగ్గరగా కూర్చోవాలి. చూపు తక్కువైన పిల్లకి బోర్డు దగ్గర చోటుండాలి. కులం ఆ పిల్లని ఎక్కడ కూర్చోబెట్టింది? గోడ వారన, గుమ్మం దగ్గర, అందరికీ వెనక. చిన్న లోపాన్ని పెద్ద వైకల్యంగా మార్చే పని ఇక్కడ కులం చేసింది. తర్వాత ఆ పిల్లకి చదువు రాలేదని కులాన్నే సాక్ష్యంగా చూపించింది.

1953లో మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీ గ్రామీణ ప్రాథమిక బడుల్లో పూట చదువు పథకం తెచ్చారు. సగం పూట బడి, మిగతా సగం పూట తల్లిదండ్రుల పని నేర్చుకోవడం. ఆ జూన్‌లో బడులు తెరిచేనాటికి ఆంధ్ర రాష్ట్రం ఇంకా ఏర్పడలేదు, అది అక్టోబరు 1న వచ్చింది. అంటే చోడవరం అప్పటికి మద్రాసు రాష్ట్రంలోనే వుంది. ద్రావిడ ఉద్యమం దీన్ని కులవృత్తి చదువు అని ఎండగట్టింది, 1954లో పథకాన్ని వెనక్కి తీసుకున్నారు. ఈ పథకానికి పరీక్షలు అక్కర్లేదు. పిల్ల ఏం కాగలదో తెలుసుకోవడానికి వాళ్ల నాన్న ఏం చేస్తాడో అడిగితే చాలు. పుట్టుకే మదింపు.

కొలబద్ద కథ

మరి పుట్టుకని కాకుండా బుర్రని కొలుస్తామన్న కొలబద్ద ఎక్కడ్నించి వచ్చింది? 1905లో పారిస్‌లో ఆల్ఫ్రెడ్ బినే, తియోడోర్ సిమోన్ ఒక పరీక్ష తయారుచేశారు. నిర్బంధ విద్య వచ్చాక బడిలో వెనకబడుతున్న పిల్లలెవరో గుర్తించి వాళ్లకి ప్రత్యేకంగా చెప్పడం దాని ఉద్దేశం. తెలివి అనేది మారని కొలత అన్నవాళ్లతో బినే ఒప్పుకోలేదు. శిక్షణతో అది పెరుగుతుందనే వాదించాడు.

అట్లాంటిక్ దాటేసరికి కొలబద్ద స్వభావం మారిపోయింది. 1916లో స్టాన్‌ఫోర్డ్‌లో లూయిస్ టెర్మన్ దాన్ని సవరించి, తక్కువ మార్కులకి జాతిని కారణంగా చూపాడు. నల్లవాళ్ల, మెక్సికన్ల, అమెరికన్ ఆదివాసుల పిల్లల్ని విడి తరగతుల్లో పెట్టాలన్నాడు. సాయం చెయ్యడానికి పుట్టిన పరీక్ష ఏరివేతకి పనికొచ్చింది. పరీక్షలో వున్న ప్రశ్నలు ఎవరి ఇంట్లో తెలిసినవి, ఎవరి భాషలో వున్నవి అని అడిగినవాడు లేడు.

అదే పరీక్ష మన దేశానికీ వచ్చింది. 1929లో హెర్బర్ట్ రైస్ హిందుస్తానీ రూపం అచ్చువేశాడు. 1940లో వి.వి. కామత్ కన్నడ, మరాఠీ పిల్లల కోసం చేసిన రూపం పుస్తకంగా వచ్చింది. బినే-కామత్ పరీక్ష పేరుతో అది ఆ తర్వాత దశాబ్దాల తరబడి మన ఆస్పత్రుల్లో వాడుకలో వుంది.

సముద్రం అవతలి పాఠం

నల్లవాళ్ల అనుభవం మనకి ఇక్కడ అద్దంలాంటిది. 1971లో గ్రెనడాకి చెందిన బెర్నార్డ్ కోర్డ్ లండన్‌లో ఒక చిన్న పుస్తకం వేశాడు. వెస్టిండీస్ నుంచి వచ్చిన కుటుంబాల పిల్లల్ని బ్రిటిష్ బడులు 'తక్కువ తెలివి' బడుల్లోకి ఎలా తోస్తున్నాయో చూపించాడు. ఆ పుస్తకం చదివి నల్లజాతి తల్లిదండ్రులు కదిలారు, తమ పిల్లల కోసం శనివారం బడులు నడిపారు.

అమెరికాలో 1970లో మెక్సికన్ కుటుంబాల పిల్లల తరఫున డయానా కేసు నడిచింది. స్పానిష్ మాట్లాడే పిల్లల్ని ఇంగ్లీషులో పరీక్షించి మందబుద్ధులన్నారు. ఇంటి భాషలో పరీక్షించాలని అక్కడ ఒప్పందం కుదిరింది. 1971లో కాలిఫోర్నియా నల్లపిల్లల తరఫున లారీ పి. కేసు వేశారు. మందబుద్ధుల తరగతుల్లో నల్లపిల్లలు తమ జనాభా వాటాకి మించి ఎందుకున్నారని అడిగారు. 1979లో జడ్జి పెక్‌హామ్ ఐక్యూ పరీక్షలు పక్షపాతంతో వున్నాయని, వాటిని బట్టి నల్లపిల్లల్ని ఆ తరగతుల్లో వెయ్యకూడదని తీర్పిచ్చాడు.

మనకి నచ్చే కథ ఇక్కడితో ఆగిపోతే బాగుండేది. ఆగలేదు. 1986లో ఆ నిషేధాన్ని పెంచి, ప్రత్యేక విద్య కోసం నల్లపిల్లలకి ఐక్యూ పరీక్షే పెట్టకూడదన్నారు. అప్పుడు కొందరు నల్లజాతి తల్లులే కోర్టుకెక్కారు. మా పిల్లలకి అభ్యసన వైకల్యం వుందేమో తేల్చుకోవాలి, తెల్లపిల్లలకి వున్న పరీక్ష మాకెందుకు లేదన్నారు. 1992లో అదే జడ్జి ఆ పెంచిన నిషేధాన్ని ఎత్తేశాడు. ముద్ర వెయ్యడం అన్యాయం. ముద్ర పేరు చెప్పి సాయాన్ని ఆపడం కూడా అన్యాయమే. ఈ రెండు మాటలూ ఒకే కేసులో, ఒకే జనం నోట వచ్చాయి.

ఈ గొడవల్లోంచే అంచెలంచెల సాయం అన్న ఆలోచన బలపడింది. 1963లో శామ్యూల్ కిర్క్ 'అభ్యసన వైకల్యం' అన్న మాటని ప్రచారంలోకి తెచ్చాక, ఐక్యూకీ చదువుకీ మధ్య పెద్ద తేడా వుంటేనే వైకల్యమని లెక్కగట్టేవాళ్లు. పిల్ల రెండు మూడేళ్లు ఓడిపోయేదాకా ఆ తేడా కనపడేది కాదు. 2004లో అమెరికా చట్టాన్ని సవరించి, ఆ తేడా చూపాల్సిందేనని పట్టుబట్టనక్కర్లేదన్నారు. ముందు సాయం చేసి, పిల్ల ఎలా అందుకుంటుందో చూసే పద్ధతికి చోటిచ్చారు.

మూడు మెట్లు

ఆ పద్ధతి చెప్పడానికి తేలిక. మొదటి మెట్టు తరగతిలో అందరికీ మంచి చదువు. కొన్ని వారాలకోసారి చిన్న పరీక్షతో ఎవరు వెనకబడ్డారో చూస్తారు. వాళ్లకి రెండో మెట్టులో నలుగురైదుగురిని కూర్చోబెట్టి, ఏది రాలేదో అదే చెబుతారు. అప్పటికీ అందుకోలేని పిల్లకి మూడో మెట్టులో ఒక్కరికే ఎక్కువసేపు చెబుతారు. ఏ మెట్టులో వున్నా వైకల్యం వుందేమోనన్న అనుమానం వస్తే నిపుణులతో పూర్తి మదింపు చేయించాలి. 2011లో అమెరికా విద్యాశాఖ ఒక హెచ్చరిక కూడా చేసింది. మెట్లన్నీ ఎక్కాకే మదింపు అంటూ ఆలస్యం చెయ్యడానికి గానీ, నిరాకరించడానికి గానీ ఈ పద్ధతిని వాడకూడదని.

ఈ నమూనాలో ఒక లెక్క చెబుతుంటారు. నూటికి 80 మందికి మొదటి మెట్టు చాలాలి, 15 మందికి రెండోది, 5 మందికి మూడోది. ఈ అంకెలు శిలాశాసనం కాదు. కానీ వాటి వెనకున్న తర్కం దళిత పాఠకులకి చాలా ముఖ్యం. ఒక బడిలో సగం మంది చదవలేకపోతుంటే ఆ సగం మందికీ వైకల్యం వున్నట్టు కాదు, మొదటి మెట్టు కూలిపోయినట్టు. అప్పుడు ముందు పరీక్షించాల్సింది పిల్లల్ని కాదు, బడిని. మేస్టార్లు ఎందరున్నారు, ఎన్ని రోజులొచ్చారు, మన పిల్లల్ని పేరు పెట్టి పిలిచారా, ముందు వరసలో కూర్చోబెట్టారా?

మన చట్టాలు, మన కాలనీ

మన దగ్గర కాగితాలకి కొదవ లేదు. 1974లో వికలాంగ పిల్లల సమ్మిళిత విద్యా పథకం వచ్చింది. 1992లో పునరావాస మండలి చట్టం, 1995లో వికలాంగుల చట్టం, 2009లో విద్యాహక్కు చట్టం వచ్చాయి. 2016 చట్టం వైకల్యాల జాబితాని 21కి పెంచి, నిర్దిష్ట అభ్యసన వైకల్యాన్ని చేర్చింది. దాన్ని వీలైనంత తొందరగా గుర్తించాలనీ, అయిదేళ్లకోసారి బడి పిల్లల సర్వే చెయ్యాలనీ రాసింది. పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, రెండో మూడో భాషల నుంచి మినహాయింపు కూడా అందులో వున్నాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లల్ని చూడాలంది. 2019లో మన రాష్ట్రంలో కంటి వెలుగు బడి పిల్లల చూపుతో మొదలైంది. 2022లో కేంద్రం టీచర్ల చేతికి ప్రశస్త్ అనే మొబైల్ యాప్ ఇచ్చింది. మండలాల్లో భవిత కేంద్రాలూ, ప్రత్యేక విద్య నేర్చుకున్న రిసోర్సు టీచర్లూ వున్నారు.

అయితే ఈ కాగితాల దారి మన కాలనీ దాకా ఎలా వస్తుందో చూద్దాం. 2018 జనవరిలో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం మూడో తరగతిలో లేదా ఎనిమిదో ఏట టీచరు పిల్లల్ని ప్రాథమికంగా పరిశీలించాలి. అనుమానం వుంటే పిల్లల డాక్టరు, తర్వాత క్లినికల్ సైకాలజిస్టు ఐక్యూ పరీక్ష, అది 85 దాటితేనే అభ్యసన వైకల్యం పరీక్ష. ఆ నియమాలని 2024లో మళ్లీ సవరించారు. కానీ దారి పొడవు చూడండి. కూలి మానుకుని, పిల్లని తీసుకుని, చోడవరం నుంచి అనకాపల్లికో విశాఖకో ఎన్నిసార్లు తిరగాలి? తిరిగే ప్రతిరోజూ ఒక కూలి పోయినట్టే. టీచరు అనుమానమే ఈ దారికి మొదటి గేటు. మొద్దు అని తేల్చేసిన పిల్ల మీద ఎవరికి అనుమానమొస్తుంది? కాస్త చదివేవాడు హఠాత్తుగా వెనకబడితేనే కదా అనుమానం. మొదట్నించీ ఆశ పెట్టుకోని పిల్ల మీద అనుమానం కూడా పుట్టదు.

భాష ఇంకో గేటు. నిమ్‌హాన్స్ పరీక్షల సంపుటి ప్రధానంగా ఇంగ్లీషు చదువు చుట్టూ అల్లింది. జాతీయ మెదడు పరిశోధన కేంద్రం 2015లో తెచ్చిన డాలీ పరీక్ష మొదట హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లీషుల్లో వచ్చింది, తెలుగు అందులో లేదు. పైగా ఏ తెలుగు? మా వైపు పిల్ల 'గుంటడు' అంటుంది, 'ఏటి' అంటుంది, 'ఒగ్గేయ్' అంటుంది. పాఠ్యపుస్తకం ఆ మాటల్ని ఎరగదు. పరీక్షించేవాడూ ఎరగకపోతే పిల్ల యాస కూడా లోపం కింద లెక్క పడుతుంది. చోడవరం దాటి మాడుగుల మీదుగా ఏజెన్సీకి పోతే ఇంట్లో కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే పిల్లల సంగతి ఇంకా కష్టం.

దళితుల్లో వికలాంగత తక్కువని, ఇది పట్నం వాళ్ల సమస్యని అనుకునేవాళ్లకి ఒక అంకె చెప్పాలి. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద వికలాంగులు 2.21 శాతం. ఎస్సీల్లో 2.45 శాతం, ఎస్సీ ఎస్టీలు కానివాళ్లలో 2.18 శాతం. తల్లి రక్తహీనత, కష్టమైన కాన్పు, తట్టు, వైద్యం అందని చెవిపోటు, ప్రమాదమైన కూలి పని కలిస్తే వచ్చే తేడా ఇది. కులం ఒంటి మీద రాసే రాత ఇది. దళితుల్లోపల మళ్లీ చూస్తే, పట్నాల పాకీ పనికి కట్టేసిన రెల్లి పిల్లల పరిస్థితి మాల, మాదిగ పిల్లల పరిస్థితి ఒకటి కావు. మదింపు ఎవరికి అందిందో లెక్క తీస్తే ఉపకులాల వారీగా తియ్యాలి.

మనలో మన వాదన

కొందరు మిత్రులు అంటారు: మన పిల్లలకి ఇప్పటికే కులం ముద్ర వుంది, వైకల్యం ముద్ర కూడా ఎందుకు? ఆ భయాన్ని మేం గౌరవిస్తాం. లండన్, కాలిఫోర్నియా అనుభవాలు ఆ భయానికి సాక్ష్యాలే. కానీ ముద్రకీ మదింపుకీ తేడా వుంది. ముద్ర ఒక మాటతో పని ముగిస్తుంది. మదింపు అక్కడ్నించి పని మొదలుపెట్టాలి. చెవి పరీక్ష తర్వాత వినికిడి యంత్రం, కంటి పరీక్ష తర్వాత కళ్లద్దాలు, చదువు పరీక్ష తర్వాత విడిగా చెప్పే మేస్టారు రావాలి. అవి రాకుండా కాగితం ఒక్కటే వస్తే అది ముద్రే.

ఇంకో మాట. 2016 నుంచి ప్రభుత్వం వికలాంగుల్ని 'దివ్యాంగులు' అంటోంది. 'హరిజన' అన్న మాటని మనం ఎందుకు వద్దన్నామో గుర్తు తెచ్చుకోండి. దేవుడి పేరు పెట్టినంత మాత్రాన గుళ్లో చోటు రాలేదు, బడిలో బెంచీ రాలేదు. వికలాంగుల ఉద్యమంలో చాలామంది ఈ కొత్త పేరుని అందుకే ఒప్పుకోలేదు. ఆ విషయంలో మనం వాళ్ల పక్కన నిలబడాలి. వాళ్లు కూడా తమ సంఘాల్లో కులం గురించి మాట్లాడాలి.

చోడవరం 2022 ఏప్రిల్‌లో విశాఖ జిల్లా నుంచి కొత్త అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. జిల్లా కేంద్రం దగ్గరైంది. ఆ దగ్గరతనం కాలనీ పిల్ల దాకా రావాలంటే మనం అడగాల్సినవి కొన్ని వున్నాయి. ప్రతి బడిలో రెండో మెట్టు సాయం ఎవరికి అందుతోందో కులం వారీగా గోడ మీద రాయించాలి. చెవి, కన్ను పరీక్ష లేకుండా ఏ పిల్లనీ వెనకబడినదిగా లెక్కకట్టకూడదు. మదింపు కోరుతూ తల్లి రాసిచ్చిన కాగితానికి తేదీ వేసి రసీదు ఇవ్వాలి. ఆ రోజు కూలి, బస్సు ఛార్జీ ప్రభుత్వమే ఇవ్వాలి. పరీక్ష ఇంటి మాటలో జరగాలి. రిసోర్సు టీచర్ల ఉద్యోగాలు ఏడాదికోసారి ఊగిసలాడే కాంట్రాక్టులుగా కాక పర్మనెంటుగా వుండాలి. టీచర్లయిన మన మిత్రులు వీటిలో మొదటి రెండింటినీ ఏ జీవో కోసమూ ఎదురుచూడకుండా రేపే మొదలుపెట్టొచ్చు.

వెనక కూర్చున్న ఆ మూడో తరగతి పిల్ల దగ్గరికి మళ్లీ వద్దాం. ఆ పిల్లకి లోపం వుందో లేదో ఈ వ్యాసం చెప్పలేదు. దగ్గర కూర్చుని, పేరు పెట్టి పిలిచి, విందో లేదో చూసినవాళ్లే చెప్పగలరు. నూట డెబ్బై ఏళ్ల కింద ధార్వాడ గుమ్మంలో నిలబడ్డ పిల్లవాణ్ని లోపలికి రానిస్తారా అన్నది ప్రశ్న. మన పిల్ల ఇవాళ లోపలే వుంది. ఆమె పక్కకి ఎవరు వస్తారన్నది ఇప్పటి ప్రశ్న.